మాధ్యమతత్త్వవేత్త హారాల్డ్ ఇన్నిస్ చరిత్రము

మన పద్మశాలి మహాసభల వార్షిక సంచికలయందు కులపెద్దల చరిత్రములును, దాతల జీవితములును, చేనేత స్థితిగతులును బ్రకటించుట వాడుక. అట్టి సంచికలో కెనడా దేశపు ఆచార్యు నొకని కథ యేల యని చదువరులు ప్రశ్నింపవచ్చును. మన కులమున జదువుకొను పిల్లలలో గొందరిపుడు మాధ్యమశాస్త్రమును, అనగా వార్తలు, భావములు మనుష్యుని నుండి మనుష్యునకు బోవు మార్గములను విచారించు శాస్త్రమును జదువబూనుచున్నారు. తలిదండ్రులు మా వద్దకు వచ్చి, "అయ్యా, ఇది పత్రికలో ఉద్యోగమా? దీనికి నాలుగేండ్ల చదువెందులకు?" అని యడుగుచున్నారు. ఒకరిద్దరితో వాదించి చెప్పుటకంటె, ఈ శాస్త్రమునకు బేరైనను స్థిరపడని కాలమున దానికి బునాది వేసిన యొక యుపాధ్యాయుని జీవితము వ్రాయుట మేలని తోచినది. మన వృత్తికిని ఆయన విచారణకును గల చుట్టరికము కథలోనే తెలియగలదు.

హారాల్డ్ ఆడమ్స్ ఇన్నిస్ 1894 నవంబరు 5వ తేదీన ఒంటారియో రాష్ట్రమున ఓటర్‌విల్ అను చిన్న యూరి సమీపమున నొక సేద్యగాని యింట జన్మించెను. తలిదండ్రులు నిష్ఠగల బాప్టిస్టు క్రైస్తవులు. కుమారుడు మతగురువగునని తల్లి కోరిక. బాలుడు మొదట నొకే గదిగల పల్లె బడిలో జదివి, పిదప ఇరువది మైళ్ల దూరముననున్న వుడ్‌స్టాక్ పట్టణమునకు రైలునందు బోయి వచ్చుచు పై తరగతులు పూర్తి చేసెను. రైలు దారి యొక్క విలువ నాతడు పుస్తకములందు జదువుటకు ముందే యిట్లు శరీరముతో నెరిగెను. కొన్ని నెలలు తాను జదివిన యొంటిగది బడిలోనే పాఠములు చెప్పెను. తరువాత మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమున జేరి, 1915 వేసవిలో పడమటనున్న ఆల్బర్టాలో మరియొక చిన్న బడికి బంతులుగా బోయెను. అచటి రైతులు వడ్డీ భారమును గూర్చియు, ధాన్యమును దూరపు విపణికి జేర్చు రైలు కిరాయిని గూర్చియు మొరపెట్టుకొనుట వినెను. పండించువా డొకచోట, ధర నిర్ణయించువాడు మరియొకచోట నుండుట యెట్టిదో మన నేతగాండ్రకు వేరుగ జెప్ప బనిలేదు. ఇన్నిస్ తన జీవితమంతయు విడువని ప్రశ్న ఆ వేసవిలో బుట్టినదని మా యభిప్రాయము.

1916లో పట్టము పొంది యాతడు సైన్యమున జేరెను. ఫ్రాన్సు రణరంగమున నాతని పని సంజ్ఞలు పంపుట. ఫిరంగి గుండు ఎచ్చట బడుచున్నదో కనిపెట్టి, గురి సరిచేసికొనుటకై వెనుకనున్నవారికి దెలుపవలయును. వార్త యొక క్షణ మాలస్యమైన దన మనుష్యులే చత్తురు. 1917 ఏప్రిలునందలి విమీ రిడ్జ్ యుద్ధమున నాత డుండెను. అదే సంవత్సరము జూలైలో గుండు ముక్క తొడను జీల్చగా ఇంగ్లండునందు ఎనిమిది నెలలు చికిత్స పొందెను. దేహమునకు దగిలిన గాయము మానెను గాని మనస్సున బడినది మానలేదు. రాజ్యములు, పత్రికలు యుద్ధమును గూర్చి పలుకు పెద్ద మాటలయం దాతనికి మరల విశ్వాసము కుదురలేదు. తల్లి కోరిన మతగురు పదవియు నట్లే దూరమయ్యెను.

చికాగో విశ్వవిద్యాలయమున నర్థశాస్త్రము జదివి, కెనేడియన్ పసిఫిక్ రైలుమార్గ చరిత్రమును సిద్ధాంతగ్రంథముగా వ్రాసెను. అది 1923లో నచ్చుపడెను. 1920లో టొరంటో విశ్వవిద్యాలయమున నుపాధ్యాయుడై, చికాగోవారు తరువాత పిలిచినను బోక, మరణపర్యంత మచ్చటనే యుండెను. 1921లో మేరీ క్వేల్ అను విదుషిని వివాహమాడెను. ఆమెయు గ్రంథకర్త్రియే.

ఆ కాలమున కెనడా చరిత్రము వ్రాయువారు గవర్నరుల యుత్తరువులు, రాజ్యాంగ చట్టములు చూచి వ్రాయుచుండిరి. ఇన్నిస్ దేశము నడిచి చూడ నిశ్చయించెను. 1924లో నొక స్నేహితునితో జిన్న పడవ యెక్కి పీస్ నది వెంట దిగి, అథబాస్కా సరస్సు, స్లేవ్ నది దాటి, తరువాత చిన్న ఆవిరిపడవపై మెకెంజీ నదిలో నుత్తర సముద్రము దిక్కునకు బోయెను. వర్తకులతో, వేటగాండ్రతో మాటలాడి చిత్తు పుస్తకములు నింపెను. దాని ఫలము 1930లో వెలువడిన 'ది ఫర్ ట్రేడ్ ఇన్ కెనడా' అను గ్రంథము.

అం దాతడు చెప్పినదేమి? ఐరోపాలో నీటిపిల్లి వంటి బీవరు జంతువు యొక్క లోరోమముతో నొత్తి చేసిన టోపీలు పెద్దమనుష్యుల కలంకారమయ్యెను. నేయకుండ నొత్తి చేయు గుడ్డ యిది. కెనడా యాదివాసులు తొడిగి తొడిగి పైవెండ్రుకలు రాలిపోయిన పాత చర్మవస్త్రములే టోపీ పనివారికి మిక్కిలి ప్రియములు. ఒకరి మాసిన యంగీ మరియొకరి కిరీటమైనది! ఆ చర్మములకు మారుగా నాదివాసులకు నినుప వంటపాత్రలు, గొడ్డండ్రు, తుపాకులు వచ్చెను. జంతువులు తరిగినకొలది వర్తకులు నదుల వెంట పడమటికి జరిగిరి. ఆ నదీమార్గములు బట్టియే చాలవరకు కెనడా దేశపు టెల్ల లేర్పడెనని యిన్నిస్ నిరూపించెను. ఆదివాసులు లేక యీ వర్తకమే లేదని నాటి చరిత్రకారులలో స్పష్టముగా జెప్పినవా డాతడు. పిదప 1940లో కాడ్ చేపల వేటను గూర్చి యంత పెద్ద గ్రంథమే వ్రాసెను.

మనవారి చరిత్రము నీ దృష్టితో నెవరైన వ్రాసిన బాగుండునని మాకు జిరకాలపు కోరిక. 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నమున వర్తకస్థానము నెలకొల్పినది మొదలు తెలుగుసీమ గుడ్డ కడలి దాటి పోవుచుండెను. ముందుగా సొమ్మిచ్చి, కొలతలు నిర్ణయించి, గడువు పెట్టి తీసికొనిపోవు పద్ధతిలో మగ్గము నేతగానిదై యుండియు నేత మరియొకని చేతికి బోయెను. కంపెనీ కాగితములం దుత్తరువు లున్నవి. గవర్నరు పేరున్నది. నేసినవాని పేరు లేదు.

ఇన్నిస్ ఉద్యోగజీవితమున నొక ఘట్టము మేము విడువజాలము. ఆత డార్థికశాస్త్రశాఖకు 1937లో నధ్యక్షుడైన పిమ్మట, టొరంటోలోనే చరిత్రోపాధ్యాయుడగు ఫ్రాంక్ అండర్‌హిల్ 1940 ఆగస్టున నొక సభలో, కెనడాకు బ్రిటనుతోడి బంధము సడలి అమెరికాతో బెనవేసికొనుచున్నదని పలికెను. యుద్ధకాలము, పత్రికలు కేకలు వేసెను, ఆయనను దీసివేయవలెనని పాలకవర్గమువారు సిద్ధపడిరి. అండర్‌హిల్ రాజకీయ మిన్నిస్‌కు నచ్చదు. అయినను నాత డాయన పక్షమున విశ్వవిద్యాలయాధ్యక్షునకు వ్రాసెను. మొదటి యుద్ధమున శత్రువుల గుండ్లకు నెదురునిలిచిన సైనికు డితడని జ్ఞాపకము చేసెను. అండర్‌హిల్ పదవి నిలిచెను. తన పక్షమువానిని రక్షించుట లోకసామాన్యము. తనకు బడని మాట పలికినవానికై నిలుచుటకు ఉపాధ్యాయత్వమునం దెంత గౌరవ ముండవలెనో బోధనవృత్తిలో నున్నవారికి దెలియును.

ఇక నాతడు మాధ్యమవిచారమునకు వచ్చిన విధము. చేపల గ్రంథము తరువాత నాతడు కెనడా యడవుల నుండి వచ్చు కాగితపు గుజ్జును విచారింప మొదలిడెను. ఆ గుజ్జంతయు నెచటికి బోవుచున్నది? అమెరికాలోని దినపత్రికలకు. కావున గాగితము వెంట నాతడు పత్రికకు, పత్రిక వెంట నచ్చుయంత్రమునకు, దాని వెంట వెనుకకు వెనుకకు బోయి బాబిలోను మట్టిపలకల వరకు జేరెను. బీవరు వెంట నది దిగినట్లే కాగితము వెంట కాలము దిగినాడని చెప్పవచ్చును.

కాగితమనగా మన సోదరులకొక మాట. పందొమ్మిదవ శతాబ్ది నడుమ వరకు ఐరోపాలో గాగితము చేయుటకు ముఖ్యద్రవ్యము చింకిగుడ్డలు. నార, నూలు వస్త్రములు చినిగినపిదప నీటనాని, నలిగి, పుస్తకములయ్యెను. పత్రికలు పెరిగి చింకిగుడ్డలు చాలకపోవుటచేతనే కొయ్యగుజ్జు వెదుక వలసివచ్చినది. సాలెవాని నేత యరిగిపోయిన తరువాతను విద్య నిట్లు మోసినది. మగ్గమునకును మాధ్యమమునకును మరియొక సంబంధమున్నది. మన యిండ్లలో జకార్డు అట్టలకు రంధ్రములు పొడుచు పిల్లవానికి దెలియదుగాని, ఫ్రాన్సున 1804 ప్రాంతమున జోసెఫ్ జకార్డు నిలిపిన యా యట్టల పద్ధతినే చార్లెస్ బాబేజ్ తన గణకయంత్రమునకై తలచెను. ఈ మాట యిన్నిస్‌ది కాదు; మగ్గము పేరు వచ్చినపుడు చెప్పక యుండలేక చెప్పితిమి.

ఇన్నిస్ సిద్ధాంతము సంగ్రహముగ నిట్టిది. వార్తను మోయు ప్రతి ద్రవ్యమునకు నొక మొగ్గు కలదు. రాయి, మట్టిపలక, చర్మపత్రము బరువైనవి, దృఢమైనవి. కాలమును దాటును గాని దూరము పోజాలవు. పెపైరసు, కాగితము తేలికయైనవి. దూరదేశముల నేలుటకు బనికివచ్చును గాని త్వరగా నశించును. ఈజిప్టు రాజులకు రాతి శాసనములు, దేవాలయములుండగా, పెపైరసు వచ్చి లేఖకుల వర్గమును బెంచెను. రోము తన సామ్రాజ్యమును పెపైరసు పత్రముల మీద నేలెను. పిమ్మట మఠముల చర్మపత్రములు, వాని పిమ్మట కాగితమును అచ్చును వచ్చి రాజ్యముల రూపమునే మార్చెను. ఏ రాజ్యమైనను కాలమును, దూరమును రెంటిని సమముగ దూచుకొన్నప్పుడే నిలుచునని యాతని నిర్ణయము. ఒక ద్రవ్యము, దానిని వాడనేర్చిన యొక వర్గము చేతిలో జిక్కినపుడు జ్ఞానము గుత్తకు బోవును. ఆ గుత్తను బయటివాడొకడు క్రొత్త ద్రవ్యముతో వచ్చి భగ్నము చేయును. 1948లో ఆక్స్‌ఫర్డున బైట్ ఉపన్యాసములుగా నిచ్చిన వీనిని 1950లో 'ఎంపైర్ అండ్ కమ్యూనికేషన్స్' అను పేరను, మరి కొన్ని వ్యాసములను 1951లో 'ది బయస్ ఆఫ్ కమ్యూనికేషన్' అను పేరను బ్రకటించెను.

ఆ మొదటి గ్రంథమున ఈజిప్టు, బాబిలోను, గ్రీసు, రోములకు ప్రత్యేకాధ్యాయము లున్నవి; భారతదేశమునకు లేదు. లేకున్నను మన కండ్లయెదుట నుదాహరణములు కొల్లలు. కడప మండలమున కలమళ్ల గ్రామపు తెలుగు శాసనము క్రీ.శ. 575 ప్రాంతమున జెక్కబడి నేటికిని నిలిచియున్నది, కదలలేదు. అన్నమాచార్యుల కీర్తనలు వేలకొలది రాగిరేకులపై జెక్కబడి తిరుమల యందొక గదిలో శతాబ్దములుండి, ఇరువదవ శతాబ్దమున వెలికివచ్చినవి. రాగి తన పని తాను చేసినది. పాటలు మాత్ర మంతకాలము చాలవరకు నోళ్ల నుండి మాయమైనవి. కాలమును జయించుటయు, జీవించియుండుటయు నొకటి కాదని దీనివలన దెలియుచున్నది. ఈ భేద మిన్నిస్ గ్రంథములలో నంత స్పష్టముగ మాకు గనబడలేదు.

మరియొక చోట నాతనితో మాకు భేదాభిప్రాయము కలదు. ఇన్నిస్ వాగ్రూపమైన సంప్రదాయమును మిక్కిలి కొనియాడెను. గ్రీసునందు సంభాషణము వలన బుద్ధి వికసించినదనియు, వ్రాత మనస్సును బిగించుననియు దలచెను. టొరంటోలో గ్రీకు రోమను విద్యలు తెలిసిన చార్లెస్ కొక్రేన్ వంటి మిత్రుల సహవాసము దీనికి దోడ్పడెను. కాని సంస్కృతము చదువుకొన్నవారమగుటచే మే మొక మాట చెప్పక తప్పదు. మన దేశమున వేదము వాక్కునందే నిలిచినది. పదపాఠము, క్రమపాఠము, జట, ఘన అను పద్ధతులచే నొక్క స్వరమైన జారకుండ కాపాడబడినది. లోకమున నింతటి కాలజయము మరియొక వాగ్రూపమునకు లేదు. అయినను నా వాక్కు రాతికన్న గట్టి గోడ కట్టినది. చెవి యెవరిదో చూచి కాని నోరు తెరువలేదు. నోటి సంప్రదాయమునకు గుత్త లేదని గ్రీసును జూచినవా డనవచ్చును, మనమనలేము. ఆ గోడకు దలుపు తెరచినది మదరాసునందు 1854లో స్థాపింపబడిన వావిళ్లవారి ముద్రాలయము వంటివి. గురువు గడప తొక్కనీయని యింటి బిడ్డ తెలుగు లిపిలో నచ్చుపడిన సంస్కృత గ్రంథమును వెల యిచ్చి కొనుక్కొని, దీపము ముందు గూర్చుండి చదువుకొనగలిగెను. ఇన్నిస్ అచ్చును గూర్చి కఠినముగా వ్రాసిన పుటలు చదువునపుడు మా కా దీపము జ్ఞప్తికి వచ్చును.

అయినను నాతని మాట మన కూనపులివారి విషయమున సరిగా నొప్పును. మనలను నమ్ముకొని, మన యిండ్లకు వచ్చి, మార్కండేయ పురాణమును, భావనాఋషి కథను పటము విప్పి బొమ్మ బొమ్మకు గర్ర చూపుచు జెప్పు వారిని పెద్దలెరుగుదురు. చేర్యాల నకాశీలు గుడ్డపై రంగులతో వ్రాయు నా పటము ద్రవ్యముచే దృఢమైనది కాదు. అది జీర్ణమైనపుడు యథావిధిగా నీట విడిచి క్రొత్తది వ్రాయించు ఆచారము కలదు. కథ నోటిలోనున్నది, పటము మాటిమాటికి బుట్టుచున్నది, కట్టుబాటు ప్రకారము మన యిండ్ల నుండి వారికి ద్యాగ మందుచున్నది. ఈ మూడును గలిసి యొక మాధ్యమము. ఇందొకటి తెగిన మిగిలినవి నిలువవు. సిరిసిల్ల నుండి, కరీంనగరు ప్రాంతముల నుండి షోలాపురమునకు, భీవండికి, సూరతునకు మనవారు పోయి స్థిరపడిరి. నేడు చేతిఫోను వలన వారందరి మాట యొక క్షణమున వినవచ్చును. దూరమును మనము జయించితిమి. నిరుడు ఫోనులో వచ్చిన పెండ్లి పత్రిక నేడు వెదికిన దొరకదు. కూనపులివాని కుమారుడు పటము ముట్టక పట్టణమున కూలికి బోవుచున్నాడని విన్నపుడు, కాలము వైపున మన త్రాసు తేలిపోయినట్లు తోచుచున్నది. ఇన్నిస్ 1950లో 'కాలమునకై విన్నపము' అను నర్థము వచ్చు పేరుతో నొక యుపన్యాస మిచ్చెను. దినపత్రిక, రేడియో వర్తమానక్షణమునే పెంచి, మనుష్యునకు వెనుక ముందులు లేకుండ జేయుచున్నవని యాతని యాందోళన. ఫోను నాతడు చూడలేదు.

ఉపాధ్యాయుడుగా నాతడు జనరంజకుడని చెప్పలేము. అతని వాక్యములు ముడులు. ఒక వాక్యమున ఈజిప్టు, తరువాతి దానియందు రోము. నడుమ సేతువును జదువరియే కట్టుకొనవలెను. సూత్రగ్రంథములకు భాష్యము లేక చదివినట్లుండును. భాష్యకారుడు కూడ దొరికెను. టొరంటోలోనే సెయింట్ మైకేల్స్ కళాశాలలో సాహిత్యము బోధించు మార్షల్ మెక్లూహన్ 1951లో 'ది మెకానికల్ బ్రైడ్' అను పుస్తకము ప్రకటించెను. ఇన్నిస్ దానిని తన విద్యార్థుల పఠనీయ గ్రంథములలో జేర్చెను. ఆ సంగతి తెలిసి మెక్లూహన్ ఇన్నిస్ గ్రంథములు చదివి, యా త్రోవనే పట్టెను. 1962లో వెలువడిన 'ది గుటెన్‌బర్గ్ గెలాక్సీ'ని ఇన్నిస్ వ్రాతలకు నడుగుసూచికయని తానే వినయముతో జెప్పుకొనెను. పేరు మెక్లూహన్‌కు వచ్చెను, ధనమును వచ్చెను. మూలకర్త నామ మెరిగినవారు కొద్దిమంది.

ఇన్నిస్ 1947లో నున్నతవిద్యాశాఖకు డీను అయ్యెను. ప్రభుత్వ సంఘములలో సభ్యుడై రవాణా విషయములు విచారించెను. 1945లో రష్యా శాస్త్రపరిషత్తు వార్షికోత్సవమునకు బోయి నెల దగ్గర నుండి వచ్చెను. ఆచార్యులు ప్రభుత్వోద్యోగములకై విశ్వవిద్యాలయమును విడుచుట నాతడు తీవ్రముగా నిందించుచుండెను. తాను మాత్రము సంఘముల పనులు కాదనలేక చేసెను. ఈ రెంటికిని బొందిక కుదుర్చుట కష్టము. 1952లో అమెరికా ఆర్థికశాస్త్ర పరిషత్తునకు నధ్యక్షు డయ్యెను గాని, అధ్యక్షోపన్యాస మీయకుండగనే, ఆ సంవత్సరము నవంబరు 8వ తేదీన వ్రణరోగమున మరణించెను. యాబదియెనిమిదేండ్లు నిండి మూడు దినములు. టొరంటో విశ్వవిద్యాలయమున నాతని పేర ఇన్నిస్ కళాశాల 1964లో స్థాపింపబడెను.

మన తెలుగునాట ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954లోనే జర్నలిజము శాఖ నెలకొల్పబడినది. మన పిల్లలు చదువబోవునది ఆ శాఖలో గాని, అట్టి మరియొక దానిలో గాని యగును. తలిదండ్రు లడిగినదానికి మా ప్రత్యుత్తర మిది. ఈ చదువున వార్త వ్రాయుటతోబాటు, వార్తను మోయు బండిని గూర్చి యడుగుట నేర్పుదురు. అది నేర్చిన బాలుడు సెలవులకు వచ్చినపుడు వట్టిగ గూర్చుండనీయక, కూనపులివారున్న యూరికి బంపుడు. కథ యే రాత్రి మొదలై యే రాత్రి ముగియునో, పటమున నెన్ని బొమ్మలున్నవో, ఏ యింటివా రెంత యిచ్చెదరో, ఎప్పటి నుండి యీయక మానిరో వ్రాసికొని రమ్మనుడు. ఇన్నిస్ పోయిన తరువాత నాతని చీటీలు, చిత్తుప్రతులు ప్రోగుచేసి 1980లో నచ్చువేసిరి. 'ది ఐడియా ఫైల్' అని దాని పేరు. సగము సగము వాక్యములే, అయినను నేటికిని విద్యార్థులు తెరచి చూచుచున్నారు.